గ్యాస్ సర్టిఫికెట్ వచ్చింది, స్టవ్ మాత్రం అందులో లేదు

ప్రశ్న: మేం ఇంగ్లండ్‌లో, రెడింగ్‌లో రెండు బెడ్‌రూముల ఇంట్లో అద్దెకుంటున్నాం. ఓనర్ గుంటూరు వైపు ఆయనే, మావారికి పరిచయం. పోయిన వారం గ్యాస్ సేఫ్టీ చెక్ అని ఒకతన్ని పంపించారు. అతను బాయిలర్ మూత కూడా తీయలేదు. పావుగంటలో వెళ్లిపోయాడు. మర్నాడు ఓనర్ వాట్సాప్‌లో సర్టిఫికెట్ పెట్టారు. అందులో బాయిలర్ ఒక్కటే రాసి ఉంది, స్టవ్ మాటే లేదు (స్టవ్ కూడా ఇంటితో పాటు ఇచ్చిందే). ప్రెషర్ అన్న గడిలో 'వర్తించదు' అని ఉంది, రీడింగ్ అన్న గడి ఖాళీ, చివర 'సేఫ్' అని టిక్కు. మా అత్తగారు వచ్చి ఆరు వారాలైంది. మధ్యాహ్నం వంటయ్యేసరికి తలనొప్పి, కడుపులో తిప్పుతోంది అంటున్నారు. సాయంత్రం పార్కుకు తీసుకెళ్తే బాగానే ఉంటారు. ఇక్కడి చలి పడలేదేమో అనుకున్నాం. అసలు ఈ చెక్‌లో ఏమేం చూడాలి? తెలిసినాయన కదా, అడిగితే బాగుండదని మావారు అంటున్నారు.
— ఒక పాఠకురాలు

జవాబు:

అమ్మా, సర్టిఫికెట్ సంగతి కాసేపు పక్కన పెడదాం. మీ అత్తగారి తలనొప్పి గురించి మీరు మాటవరసకు రాసినట్టు రాశారు గానీ, ఉత్తరంలో నాకు టెన్షన్ పెట్టింది అదే. వంటింట్లో ఉన్నంతసేపూ తలనొప్పి, వికారం, బయటికి వెళ్తే తగ్గిపోవడం. కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు ఒంటికి పట్టినప్పుడు కనిపించే తీరు సరిగ్గా ఇదే. బీపీ కావచ్చు, కళ్లద్దాలు మార్చాల్సి ఉండొచ్చు, మీరన్నట్టు చలే కావచ్చు. కానీ గ్యాస్ కాదని తేలేదాకా గ్యాసే అనుకుని నడుచుకోండి.

ఇది చదవగానే స్టవ్, బాయిలర్ రెండూ ఆపేయండి. కిటికీలు తీసి, అందరూ బయటికి వచ్చి 0800 111 999కి ఫోన్ చేయండి. అది గ్యాస్ ఎమర్జెన్సీ నంబరు, రాత్రీ పగలూ పనిచేస్తుంది, ఫోనుకు డబ్బులు పడవు. వాళ్లు వచ్చి ప్రమాదం లేకుండా చేసి వెళ్తారు. రిపేరు మాత్రం చేయరు, అది ఓనర్ పని. ఆ రిపేరు అయ్యేదాకా రైస్ కుక్కర్, కరెంటు కెటిల్, దొరికితే ఒక ఇండక్షన్ పొయ్యి. వేన్నీళ్లకు కాస్త ఇబ్బందే.

అత్తగారిని డాక్టరుకు చూపించండి. తలనొప్పి ఉండగానే చూపిస్తే మేలు, ఎందుకంటే మంచి గాలి పీల్చేకొద్దీ రక్తంలో ఆ వాయువు జాడ తగ్గిపోతూ వస్తుంది. లక్షణాలు ఫ్లూ జ్వరంలాగే ఉంటాయి కాబట్టి 'ఇంట్లో గ్యాస్ బాయిలర్, గ్యాస్ స్టవ్ ఉన్నాయి, కార్బన్ మోనాక్సైడ్ అనుమానం' అని మీరే నోరు తెరిచి చెప్పాలి. విజిటర్ వీసా మీద వచ్చారు కదా, ఎంత బిల్లు వేస్తారోనని మనవాళ్లు చాలామంది ఆగిపోతారు. ఇంగ్లండ్‌లో ఎమర్జెన్సీ విభాగంలో చేసే వైద్యానికి ఎవరి దగ్గరా డబ్బు తీసుకోరు, విజిటర్ అయినా సరే. వార్డులో చేర్చుకుంటేనే ఛార్జీల సంగతి వస్తుంది. ప్రభుత్వ వైద్య సలహా నంబరు 111కి ఫోన్ చేసి అడగడానికి కూడా ఖర్చేమీ లేదు.

'గ్యాస్ వాసనేం రాలేదు కదా' అని అత్తగారు అనొచ్చు. మన ఊళ్లో సిలిండర్లు వాడిన అలవాటు అది. వాసన వస్తే రెగ్యులేటర్ కట్టేసి తలుపులు తీయడం చిన్నప్పటి నుంచీ నేర్చుకున్నాం. ఆ వాసన గ్యాస్ లీకైతే తెలియడానికి కావాలని కలిపేది. కార్బన్ మోనాక్సైడ్ లీకయ్యే గ్యాస్ కాదు. గ్యాస్ సరిగ్గా మండకపోతే పుట్టే వాయువు. దానికి రంగూ లేదు, వాసనా లేదు. ముక్కును నమ్ముకుంటే లాభం లేదు. మన దగ్గర తలుపులు బిగించుకున్న బాత్‌రూమ్‌లో గ్యాస్ గీజర్ వల్ల జరిగే ప్రమాదాలకు కారణం ఇదే వాయువు.

ఇక మీరడిగిన ప్రశ్న.

అద్దెకిచ్చిన ఇంట్లో ఓనర్‌కు చెందిన గ్యాస్ పరికరాలన్నిటినీ 12 నెలలకోసారి గ్యాస్ సేఫ్ రిజిస్టర్‌లో (గ్యాస్ పనికి అనుమతి ఉన్నవాళ్ల అధికారిక జాబితాలో) ఉన్న ఇంజినీర్‌తో చెక్ చేయించాలి. 1998 నాటి గ్యాస్ సేఫ్టీ నిబంధనలు చెప్పేది అది. ఇంగ్లండ్, వేల్స్, స్కాట్లండ్ మూడింటికీ ఇదే చట్టం. ఇల్లంతా కాకుండా ఒక్క గది అద్దెకిచ్చినా వర్తిస్తుంది. ఈ మాట ముఖ్యంగా మన స్టూడెంట్ల కోసం చెబుతున్నాను. చెక్ అయిన 28 రోజుల్లోపు దాని కాపీ మీకివ్వాలి. కొత్తగా చేరేవాళ్లకైతే ఇంట్లోకి రాకముందే ఇవ్వాలి. మీరు చేరేటప్పుడు ఇచ్చారో లేదో పాత మెయిళ్లలో ఒకసారి వెతకండి.

ఒక్కో పరికరానికీ ఇంజినీర్ ఏమేం చూడాలో కూడా ఆ నిబంధనల్లోనే ఉంది. కాలిన వాయువులు ఫ్లూ ద్వారా, అంటే పొగగొట్టం ద్వారా, పూర్తిగా బయటికి పోతున్నాయా. మండటానికి కావలసినంత గాలి అందుతోందా. గ్యాస్ ప్రెషర్ గానీ, బాయిలర్ ఎంత గ్యాస్ తాగుతోందన్నది గానీ, అవసరమైతే రెండూ గానీ కొలిచారా. ఆ కొలత వీలుకాని చోట, మంట ఎంత శుభ్రంగా మండుతోందో యంత్రంతో చూశారా. చివరగా, ఏదైనా తేడా వస్తే దానంతట అదే ఆగిపోయే ఏర్పాట్లు పనిచేస్తున్నాయా.

ఇప్పుడు మీ కాగితం తీయండి. ప్రెషర్ దగ్గర 'వర్తించదు' అని రాయడం తప్పేం కాదు. కొత్త రకం బాయిలర్లు చాలావాటిలో బర్నర్ దగ్గర ప్రెషర్ కొలవడం కుదరదు. కొన్ని ఫ్లాట్లలో మీటర్ అందుబాటులో ఉండదు. అందుకే 2018లో నిబంధన సవరించి, అలాంటప్పుడు మంట నాణ్యత కొలిస్తే చాలన్నారు. కానీ రెంటిలో ఒకటైనా ఉండాలి కదా! మీ కాగితంలో ఒకటి వర్తించదు, రెండోది ఖాళీ. అలాంటప్పుడు దేన్ని చూసి 'సేఫ్' అని టిక్కు కొట్టారన్నది మీరు అడగాల్సిన ప్రశ్న.

మూత తీయలేదన్న అనుమానం మాత్రం పెట్టుకోకండి. చాలా కొత్త బాయిలర్లకు ఫ్లూ మొదట్లో చిన్న బిరడా ఉంటుంది. అది తీసి అనలైజర్ (మంట నాణ్యత కొలిచే యంత్రం) గొట్టం లోపల పెడితే, కాలి బయటికి పోయే వాయువుల్లో కార్బన్ మోనాక్సైడ్ ఎంత, కార్బన్ డయాక్సైడ్ ఎంత, రెంటి నిష్పత్తి ఎంత అన్నది తెరమీద కనిపిస్తుంది. ఈ కాలపు కండెన్సింగ్ బాయిలర్లకు ఆ నిష్పత్తి మామూలుగా 0.0040 దాటకూడదు. 0.0010 లాంటి అంకె కనిపిస్తే నిశ్చింతగా ఉండొచ్చు. అంకె బాగుంటే లోపల విప్పకుండానే చెక్ పూర్తి చేయొచ్చు.

మేం ఇప్పుడు ఒక చిన్న ఫ్లాట్ అద్దెకిచ్చాం కాబట్టి ఏటా ఈ తంతు దగ్గరుండి చూస్తాను. మా ఇంటికి వచ్చే ఆయన ముందు బాయిలర్ దగ్గరికి పోడు. నేరుగా మెట్ల కింద మీటర్ దగ్గర మోకాళ్ల మీద కూర్చుంటాడు. మీటర్ పక్కన ఉన్న చిన్న స్క్రూ వదులు చేసి దానికి రబ్బరు గొట్టం తగిలించి, ఇంకో చివర ప్రెషర్ చూపే పరికరానికి పెడతాడు. ప్రెషర్ 20 మిల్లీబార్ల దగ్గరకు తెచ్చి వాల్వ్ కట్టేస్తాడు. ఒక నిమిషం కుదురుకోనిచ్చి, తర్వాత రెండు నిమిషాలు అంకెను చూస్తూ ఊరికే కూర్చుంటాడు. అంకె పడిపోతే ఎక్కడో లీకున్నట్టు. పరికరాల చెక్ కిందకు ఈ పరీక్ష నేరుగా రాకపోయినా, పైపుల బాధ్యత కూడా ఓనర్‌దే కాబట్టి దీన్నీ కలిపి చేయించమనే హెల్త్ అండ్ సేఫ్టీ ఎగ్జిక్యూటివ్ (భద్రత సంగతులు చూసే ప్రభుత్వ సంస్థ) చెబుతుంది. దీన్ని ఎగ్గొట్టేవాళ్లను నేనైతే రెండోసారి పిలవను.

తర్వాత నన్ను వంటింట్లో వేన్నీళ్ల కొళాయి పూర్తిగా తిప్పి ఉంచమంటాడు. బాయిలర్ దమ్ముకొద్దీ మండుతుంటే, మిగతావన్నీ ఆపి, మీటర్ అంకెలు రెండు నిమిషాలు లెక్కపెడతాడు. రెండు నిమిషాల్లో 0.075 ఘనపు మీటర్లు తిరిగితే దాదాపు 24 కిలోవాట్లన్నమాట. బాయిలర్ మీద కంపెనీ వేసిన అంకెతో అది సరిపోవాలి. ఎక్కువ తాగుతున్నా, తక్కువ తాగుతున్నా మంటలో తేడా ఉందని అర్థం. పావుగంటలో ఇదంతా కాదు. బాయిలర్, స్టవ్ రెండూ చూసి కాగితం రాసేసరికి మా దగ్గర ముప్పావుగంట పడుతుంది.

ఫ్లూ కోసం ఇంటి బయటికి వెళ్లి చూడాలి. మీ ఇంజినీర్ బయటికి వెళ్లాడా? గుర్తు తెచ్చుకోండి. గోడలోంచి బయటికి వచ్చిన గొట్టం విరిగిందా, ఆకులో పక్షిగూడో అడ్డుపడ్డాయా, తెరిచే కిటికీకి మరీ దగ్గరగా ఉందా, లోపల కనిపించేంత మేరా అతుకులు గట్టిగా ఉన్నాయా అన్నవి చూడాలి. కొన్ని ఫ్లాట్లలో ఫ్లూ ఫాల్స్ సీలింగ్ లోపలి నుంచి పోతుంది. అలాంటి చోట చూడటానికి సీలింగ్‌కు చిన్న తలుపులు ఉండాలి. లేకపోతే ఇంజినీర్ ఊరికే సేఫ్ అనడానికి వీల్లేదు. చలికాలంలో ఆ గొట్టంలోంచి తెల్లగా ఆవిరి వస్తే భయపడకండి. కండెన్సింగ్ బాయిలర్లకు అది మామూలే.

గాలి సంగతి చిన్నదే. ఇప్పటి బాయిలర్లు మండటానికి గాలిని కూడా బయటి నుంచే తీసుకుంటాయి. పాత రకం బాయిలరో, హాల్లో గ్యాస్ ఫైరో ఉంటే మాత్రం గదిలోని గాలే దానికి దిక్కు. గోడకున్న జాలీలోంచి చలి కొడుతోందని టేప్ అంటించేవాళ్లను చూశాను. ఎప్పుడూ చేయకండి.

ఇక మీ కాగితంలో అసలు లోపం స్టవ్. ఇంటితో పాటు ఓనర్ ఇచ్చిన స్టవ్ అయితే అది కూడా రికార్డులో ఉండి తీరాలి. మీరు సొంతంగా కొనుక్కున్నదైతే ఆ పరికరం బాధ్యత ఆయనది కాదు, దానిదాకా వచ్చే పైపు మాత్రం ఆయనదే. మీది మొదటి కేసు. అత్తగారికి బాగోలేనిది వంట వేళ అంటున్నారు. అంటే చెక్‌లో వదిలేసిన పరికరం దగ్గరే ఆవిడ రోజూ నిలబడుతున్నారు. తప్పు స్టవ్‌దేనని ఇక్కడ కూర్చుని నేను చెప్పలేను. అసలు దాన్ని ఎవరూ చూడలేదన్నది మాత్రం మీ కాగితమే చెబుతోంది.

స్టవ్‌కు చేసే చెక్ చూడటానికి సులువుగానే ఉంటుంది. అన్ని బర్నర్లూ వెలిగించి మంట నీలంగా, నిలకడగా ఉందా అని చూస్తారు. తర్వాత మంట ఆర్పి, గ్యాస్ దానంతట అదే ఆగిపోతుందో లేదో చూస్తారు. పాలు పొంగి మంట ఆరిపోయినప్పుడు కాపాడేది ఆ ఏర్పాటే. పసుపుపచ్చగా, మెత్తగా ఊగే మంట మంచిది కాదు. గిన్నెల అడుగున మసి పడుతున్నా అంతే. మన వంటల వల్ల ఇంకో మాట కూడా చెప్పాలి. నాలుగు బర్నర్ల చిన్న స్టవ్ మీద రెండు బర్నర్లు కమ్మేసేంత దోసె పెనమో, పదిమందికి పులిహోర కలిపే గిన్నో పెడితే మంటకు గాలి అందదు, పైకి పోయే దారీ ఉండదు. నూనె పడకుండా బర్నర్ల చుట్టూ ఫాయిల్ పేపరు పరిచినా అదే గొడవ. బాగున్న స్టవ్ కూడా అప్పుడు కార్బన్ మోనాక్సైడ్ పుట్టిస్తుంది. అత్తగారు ఏ పెనం వాడుతున్నారో చూడండి. ఆవిడ తప్పన్నట్టు మాత్రం అడగకండి, పాపం కొత్త ఊరు, కొత్త పొయ్యి.

కాగితం మీద ఇంకా ఉండాల్సినవి: చెక్ చేసిన తేదీ, ఇంటి చిరునామా, ఓనర్ లేదా ఏజెంట్ పేరు, చిరునామా, ఏ పరికరం ఎక్కడుందో, దొరికిన లోపాలు, వాటికి ఏం చేశారన్నది, ఇంజినీర్ పేరు, సంతకం, రిజిస్ట్రేషన్ నంబరు. ఆ నంబరును గ్యాస్ సేఫ్ రిజిస్టర్ వెబ్‌సైట్‌లో కొట్టి చూడండి, రెండు నిమిషాల పని. ఇంజినీర్ దగ్గర ఫొటో ఉన్న కార్డు ఉంటుంది. మనం ముందువైపు చూసి తల ఊపుతాం గానీ, అసలు విషయం వెనకవైపు ఉంటుంది. అతను ఏ ఏ పరికరాల మీద పనిచేయొచ్చో అక్కడ రాసి ఉంటుంది. స్టవ్ అతని కార్డులోనే లేకపోవడం వల్ల వదిలేశాడేమో కూడా.

చెక్ వేరు, సర్వీసింగ్ వేరు అన్నది కూడా గుర్తుంచుకోండి. చెక్‌లో చూసేది ప్రమాదం ఉందా లేదా అన్నదే. రేడియేటర్ అడుగున చల్లగా ఉండటం, బాయిలర్ గేజ్ ఒక బార్ కిందికి పడిపోవడం లాంటివి ఇందులోకి రావు. అలాంటివి వస్తే ఓనర్‌కు విడిగా చెప్పాలి.

ఓనర్ తెలిసినాయన కాబట్టి అడగొద్దన్న మీ వారి మాట నాకు అర్థమైంది. మొదటిసారి ఈస్ట్ హామ్‌లో అద్దెకున్నప్పుడు మేమూ అలాగే ఊరుకున్నాం. ఏడాదిన్నర పాటు సర్టిఫికెట్ లేని బాయిలర్ పక్కన పడుకున్నాం. అప్పటి మా మొహమాటం తలుచుకుంటే ఇప్పుడు కోపం వస్తుంది. మీ ఓనర్‌కు ఈ విషయం తెలియకపోయి ఉండొచ్చు కూడా. ఇంజినీర్‌కు 'బాయిలర్ చూసిరా' అని చెప్పి ఉంటారు, అతను బాయిలర్ చూసి వచ్చాడు. ఇలా మెసేజ్ పెట్టండి:

'నమస్తే అన్నయ్యగారూ. గ్యాస్ సర్టిఫికెట్ అందింది, థాంక్స్. అందులో స్టవ్ రాయలేదు. బాయిలర్‌కు ప్రెషర్ గానీ, అనలైజర్ రీడింగ్ గానీ లేదు. అత్తయ్యగారికి వంటింట్లో తలనొప్పి వస్తోంది, అందుకని గ్యాస్ వాడటం ఆపేశాం, ఎమర్జెన్సీకి కూడా చెప్పాం. దయచేసి ఈ వారంలోనే ఇంజినీర్‌తో రెండూ చెక్ చేయించి, రీడింగులతో కొత్త రికార్డు పంపించండి. మీరు చెప్పిన టైముకు నేను ఇంట్లో ఉంటాను.'

ఇదే సంగతి ఇంగ్లిష్‌లో ఈమెయిల్ కూడా చేయండి, ఆయనకు ఏజెంట్ ఉంటే ఏజెంట్‌కు కూడా. తేదీతో సహా మీ దగ్గర ఉండిపోతుంది. ఈ చెక్ ఖర్చు మీ దగ్గర వసూలు చేయడానికి వీల్లేదు. 2019 జూన్ నుంచి ఇంగ్లండ్‌లో అలాంటి ఫీజులు నిషేధం. అడిగినందుకు ఖాళీ చేయమంటారేమోనన్న భయమూ వద్దు. కారణం చెప్పకుండా ఖాళీ చేయించే సెక్షన్ 21 నోటీసు 2026 మే 1 నుంచి ఇంగ్లండ్‌లో రద్దు. అంత చెప్పినా ఆయన కదలకపోతే, రెడింగ్ కౌన్సిల్‌లో అద్దె ఇళ్ల సంగతి చూసే విభాగానికి, హెల్త్ అండ్ సేఫ్టీ ఎగ్జిక్యూటివ్‌కు ఫిర్యాదు చేయొచ్చు. ఇంజినీర్ పని మీదే అనుమానం ఉంటే గ్యాస్ సేఫ్ రిజిస్టర్‌కు చెప్పండి. కోపంలో అద్దె మాత్రం ఆపకండి, అప్పుడు తప్పు మీ వైపుకు వస్తుంది.

కొత్తగా వచ్చే ఇంజినీర్ ఏదైనా పరికరాన్ని వాడొద్దని చెప్పి, దానికి లేబుల్ తగిలిస్తే, రిపేరు అయ్యేదాకా దాన్ని ముట్టుకోవద్దు. 'ఒక్క పూటకే కదా' అని మనవాళ్లు ఆ లేబుల్ పక్కకు తిప్పేసి వెలిగించడం నాకు తెలుసు.

బాయిలర్ ఉన్న గదిలో కార్బన్ మోనాక్సైడ్ అలారం ఉందా? 2022 అక్టోబర్ 1 నుంచి ఇంగ్లండ్‌లో అది ఓనరే పెట్టించాలి. స్టవ్ ఒక్కటే ఉన్న గదికి ఈ నిబంధన లేదు గానీ, మీ బాయిలర్ కూడా వంటింట్లోనే ఉంటే ఒక్క అలారంతో రెంటికీ కాపలా దొరుకుతుంది. ఆయన పెట్టించేదాకా ఆగకుండా ఈ రోజే ఒకటి కొనుక్కోండి, ఇరవై పౌండ్ల దగ్గర్లో వస్తుంది. సీలింగ్‌కున్న పొగ అలారం ఈ పని చేయదు. బ్యాటరీ వేశాక టెస్ట్ బటన్ నొక్కి ఆ కూత అత్తగారికి ఒకసారి వినిపించండి. అది మోగితే గ్యాస్ కట్టేసి బయటికి వచ్చేయాలని చెప్పి, 0800 111 999 నంబరును, ఇంటి పోస్ట్‌కోడ్‌నూ పెద్ద అక్షరాలతో రాసి ఫ్రిజ్ మీద అంటించండి. మీరిద్దరూ ఆఫీసుకు వెళ్తే ఇంట్లో ఉండేది ఆవిడొక్కరే.